పడవ అడుగు పలక (గార్‌బోర్డ్) సందులో నూలు మళ్ళీ దట్టించిన పెద్దాయనకు

నిన్న సాయంత్రం క్రేన్ పట్టీలు వదిలాయి, పడవ నీళ్ళ మీద నిలిచింది. పంపు రెండు గంటలకోసారి కొడితే సరిపోతోంది. ఎవరికీ కంటినిండా నిద్ర లేదు, అయినా ఈ కృతజ్ఞతలు ఇవాళే రాయాలి.

ఇంగ్లండ్ దక్షిణ తీరాన, సోలెంట్ జలసంధి ఒడ్డున ఉండే మా క్లబ్బు ఉమ్మడి పడవ ఇది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన గాఫ్ కట్టర్, అంటే ఒకే స్తంభం ఉండే పాతకాలపు తెరచాప పడవ. ఓక్ పక్కటెముకలు, వాటి మీద అంగుళన్నర మందం పిచ్ పైన్ పలకలు. చందా కట్టేదీ, రంగు గీకేదీ, వేసవిలో తెరచాప ఎత్తేదీ సభ్యులే. వారిలో తెలుగువాళ్ళం నలుగురం.

ఈసారి కీల్ (పడవ అడుగున బిగించే బరువైన ఇనుప దిమ్మ) బోల్టులు దెబ్బతీశాయి. ఓక్‌లోని ఆమ్లం, ఉప్పునీరు కలిసి ఇనుమును తినేస్తాయి. అదీ చెక్కా ఇనుప కీలూ కలిసే చోట, కంటికి కనపడకుండా. పైన నట్టు చూస్తే రాయిలా ఉంటుంది. బయటికి లాగిన 3 బోల్టుల్లో ఒకటి నడుం దగ్గర పెన్సిలంత సన్నబడింది. ఇక 14 బోల్టులూ మార్చాం. ఈలోగా క్రేన్ తేదీ రెండుసార్లు వాయిదా పడి, ఏప్రిల్ తూర్పుగాలికి పలకలు ఎండి కుంచించుకుపోయాయి. కీల్‌ని ఆనుకుని ఉండే మొదటి పలక, గార్‌బోర్డ్, దాని సందులో రూపాయి బిళ్ళ నిలువుగా దూరేది.

సుత్తి చప్పుడు విని ఆగారు ఆ పెద్దాయన. ఒకప్పుడు పడవలు కట్టిన వడ్రంగి. నీరు చొరకుండా సందులో కొట్టే నూలు అడుగుకంటా దిగిందో లేదో చప్పుడుని బట్టే చెప్పేస్తారు. ఐదు రోజులు వచ్చారు, పైసా ముట్టలేదు. స్టెయిన్‌లెస్ బోల్టులు వద్దని ఆపింది ఆయనే: గాలి ఆడని తడి ఓక్‌లో అవి లోపల్లోపలే గుంటలు పడి తుప్పు తినేస్తాయి. గాల్వనైజ్ చేసిన ఉక్కు బోల్టులు తెప్పించి, ప్రతి వాషరు కిందా రెడ్ లెడ్‌లో (సీసం కలిసిన ఎర్ర పూతలో) ముంచిన నూలు చుట్ట పెట్టించారు. సందులో నూలు దట్టించాక ముందు రెడ్ లెడ్ పూయాలి, లేకపోతే పుట్టీలోని నూనెను నూలు పీల్చేస్తుంది. పుట్టీ కూడా అంచుదాకా నింపకూడదు, పలకలు ఉబ్బినప్పుడు బయటికి తన్నుకొస్తుంది. మన కాకినాడ పక్క తాళ్ళరేవులో పడవలు కట్టేవాళ్ళు ఇవన్నీ చదివి తలాడిస్తారేమో.

నాలుగో రోజు రాత్రి మేం గార్‌బోర్డ్‌లో నూలు మరీ బిగించి కొట్టాం. చెక్క నీళ్ళు తాగి ఉబ్బితే ఆ బిగువుకు మేకులే ఊడొస్తాయి. తెల్లారి వచ్చి చూస్తే 11 అడుగుల మేర పాత నూలు కింద కుప్పగా ఉంది, సందులో కొత్తది. ఆయన పక్కనే కూర్చుని ఉలి నూరుకుంటున్నారు. ఒక్క మాట అనలేదు. "ఇవాళ తడపొచ్చు" అన్నారంతే. అక్కడే ఇద్దరు ముగ్గురికి కళ్ళు నిండాయి.

పలకలు ఉబ్బేలా తడిపింది సముద్రపు నీళ్ళతోనే, మంచినీళ్ళయితే చెక్క కుళ్ళుతుంది. నీళ్ళలోకి దించాక రాత్రంతా పట్టీల్లోనే వేలాడదీశాం. మొదటి గంట పంపు ఆగలేదు. తెల్లవారేసరికి గంటకు 40 పోట్లు.

ఒక్కటి మనసులో పెట్టుకోలేకపోతున్నాం. బ్రిటన్‌లో పాత ఇల్లు చారిత్రక కట్టడాల జాబితాలోకెక్కితే దానికి చట్టం కాపలా. పాత పడవ చారిత్రక పడవల జాతీయ రిజిస్టర్‌లోకెక్కినా చట్టం ఏ రక్షణా ఇవ్వదు. పైగా మరమ్మతు మీద 20 శాతం వ్యాట్. వందేళ్ళు దాటినదాన్ని బతికిస్తున్నవాళ్ళ మీద ఇంత భారమా?

ఇంట్లోవాళ్ళకు, వారం రోజులు క్యారియర్లు పంపినందుకు, ప్రేమ.

అయ్యో, మరిచాం, ఆదివారం కొట్టు తెరిచి నూలు ఇచ్చిన అబ్బాయి! పక్క పడవవాళ్ళు, రెండో పంపు అరువిచ్చారు. రాత్రంతా పట్టీలు తీయకుండా ఉంచిన క్రేన్ డ్రైవర్ గారు కూడా. ఆ పంపు ఇంకా మా దగ్గరే ఉంది, రేపు కడిగి తెచ్చిస్తాం.