వెయ్యని ఓటు ఎవరి ఖాతాలో రాయాలి?

ఎడ్మండ్, ఓక్లహోమా

ఒరేయ్ రాంబాబూ,

ఎలా ఉన్నావు? మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సగం జవాబే చెప్పి పెట్టేశాను. "పిల్లలకి ఏం చెప్పాలన్నదాని మీద కూడా మీ దగ్గర ఎమ్మెల్యేలు ఓటేస్తారటగా, ఎవరు ఎటు వేశారో పేర్లతో సహా దొరుకుతుందా?" అన్నావు. సోషల్ మాస్టారివి, నీకు కాక ఇంకెవరికి పుడుతుంది ఆ సందేహం! ఫోన్లో తేలే మాట కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పొడుగైతే తిట్టుకోకు.

దొరుకుతుందిరా. మా ఓక్లహోమా చట్టసభల వెబ్‌సైట్లో బిల్లు నంబరు కొడితే ఓట్ల పట్టీ తెరుచుకుంటుంది. పైన ఎన్ని ఎస్‌లు, ఎన్ని నోలు, ఎంతమంది సెలవు అని అంకెలు. కింద వరసగా ఇంటిపేర్లు. మన ఎమ్మెల్యే పేరు ఏ వరసలో ఉందో వేలు పెట్టి చూసుకోవచ్చు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, నిజంగా. మన అసెంబ్లీల్లో మామూలుగా మూజువాణి ఓటు కదా. "అవును" అనేవాళ్ళు గట్టిగా అన్నారని స్పీకర్ ప్రకటిస్తే బిల్లు అయిపోయినట్టే. డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టమని, అడిగేవాళ్ళు అరుదు. అడిగినా, విప్ కాదంటే 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద సీటే పోతుంది. ఇంగ్లీషు మీడియం గొడవ గుర్తుందిగా? 2019లో జీవో 81, ఆ వెనకే 85, 2020 ఏప్రిల్లో హైకోర్టు రెండింటినీ కొట్టేయడం... నువ్వు స్కూల్లో ఉండి అంతా చూసినవాడివి. అంత రభసలోనూ మన నియోజకవర్గం ఎమ్మెల్యే సొంతంగా ఏమనుకున్నాడో మనకి తెలిసిందా? తెలియదు. ఇక్కడ తెలుస్తుంది. కనీసం ఓటు వేసిన రోజు తెలుస్తుంది. ఈ ఉత్తరమంతా ఓటు వెయ్యని రోజు గురించే.

ముందు ఇక్కడి పద్ధతి కొంచెం చెప్పాలి. ఫలానా తరగతి పూర్తయ్యేసరికి ఫలానాది పిల్లవాడికి రావాలి అని రాష్ట్రం ఒక జాబితా పెట్టుకుంటుంది. దాన్నే స్టాండర్డ్స్ అంటారు. అది పుస్తకం కాదు, పాఠం కాదు. కానీ పుస్తకాలు కొనేది దాన్ని బట్టే, పరీక్షలు పెట్టేది దాన్ని బట్టే. ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికే. 2010లో కామన్ కోర్ అని ఇంగ్లీషుకీ లెక్కలకీ ఉమ్మడి జాబితా ఒకటి వచ్చింది. రాష్ట్రాల గవర్నర్ల సంఘం, విద్యాశాఖ అధిపతుల సంఘం కలిసి తయారు చేయించాయి. ఒబామా ప్రభుత్వం రేస్ టు ద టాప్ కింద 435 కోట్ల డాలర్లు పోటీకి పెట్టడంతో నలభైకి పైగా రాష్ట్రాలు గబగబా ఒప్పుకున్నాయి. చాలా చోట్ల ఎమ్మెల్యేల దాకా పోనే లేదు, విద్యా బోర్డులే సంతకం పెట్టేశాయి. ఓక్లహోమాలో మాత్రం 2010లో సభలే చట్టం చేశాయి.

నాలుగేళ్ళు తిరిగేసరికి గాలి మారింది. "వాషింగ్టన్ వాళ్ళు మన బడిలో దూరుతున్నారు" అని తల్లిదండ్రులు లేచారు. 2014 మార్చిలో ఇండియానా మొదట బయటికొచ్చింది. కొద్ది నెలలకే మాదీ వచ్చింది. హౌస్ బిల్లు 3399. కింది సభ అయిన హౌస్‌లో జేసన్ నెల్సన్, సెనేట్‌లో జాష్ బ్రెచీన్ ముందుండి నడిపారు. మే 23న చివరి ఓటింగ్. హౌస్‌లో 71 ఎస్, 18 నో. సెనేట్‌లో 31, 10. నాలుగేళ్ళ క్రితం దాన్ని తెచ్చినప్పుడూ రెండు సభల్లోనూ రిపబ్లికన్లదే మెజారిటీ, తీసేసినప్పుడూ వాళ్ళదే.

లెక్కల్లో నువ్వు నాకంటే గట్టివాడివి, చూడు. హౌస్‌లో 101 కుర్చీలు. 71, 18 కలిపితే 89. మిగిలిన 12 కుర్చీల ఓటు ఎటూ పడలేదు. సెనేట్‌లో 48కి 41, అక్కడ ఏడు. ఒంట్లో బాగోక రానివాళ్ళు కొందరుంటారు, కాదనను. కానీ సరిగ్గా గొడవ ఓటు వచ్చే వేళకి లేచి బయటికెళ్ళేవాళ్ళు ఏ సభలోనైనా ఉంటారు. పట్టీలో ఇద్దరూ ఒకే వరసలో కనిపిస్తారు.

ఇంకో మెలిక ఉంది, ఇది తెలియకపోతే పట్టీ చదివి తప్పుగా అర్థం చేసుకుంటాం. ఇక్కడ చాలాసార్లు బిల్లు మొదట్లో ఉన్నప్పుడు దాని టైటిల్ కొట్టేస్తారు. టైటిల్ లేని బిల్లు చట్టం కాలేదు, మళ్ళీ సభకి రావాల్సిందే. అందుకని "ఇంకా చర్చించాలి, ప్రస్తుతానికి ముందుకి పోనిద్దాం" అని ఇష్టం లేనివాళ్ళు కూడా ఎస్ కొడతారు. ఆ తొలి ఓటు చూపించి ఎన్నికలప్పుడు కరపత్రం వేస్తే అది అన్యాయం. చివరి ఓటే చూడాలి.

ఆ బిల్లుకి గవర్నర్ మేరీ ఫాలిన్ జూన్ 5న సంతకం పెట్టారు. అప్పటికి ఆవిడే జాతీయ గవర్నర్ల సంఘానికి అధ్యక్షురాలు, అంటే కామన్ కోర్ పుట్టిన ఇంటికే పెద్ద! ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఆలోచించు. సంతకం పెట్టకుండా ఊరుకుని ఉంటే రెండు రోజుల్లో బిల్లు చచ్చిపోయేది. సభ ముగిశాక 15 రోజుల్లో గవర్నర్ సంతకం పడకపోతే బిల్లు పోయినట్టేనని రాష్ట్ర రాజ్యాంగం. ఈ ముక్క గుర్తుంచుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తర్వాత జరిగినవి చకచకా చెప్పేస్తాను. విద్యా బోర్డు సభ్యులు కొందరు, తల్లిదండ్రులు, టీచర్లు కోర్టుకెళ్ళారు, సభలకి ఇంత పెత్తనం చెల్లదని. జూలైలో రాష్ట్ర సుప్రీంకోర్టు 8-1తో చట్టం నిలబెట్టింది. నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ అనే కేంద్ర విద్యా చట్టం నుంచి ఓక్లహోమాకి ఇచ్చిన మినహాయింపుని ఆగస్టులో కేంద్ర విద్యాశాఖ లాగేసుకుంది, నవంబర్లో తిరిగి ఇచ్చింది. ఆ సంవత్సరం టీచర్ల అవస్థ నీకు చెప్పక్కర్లేదు. ఏ జాబితా ప్రకారం చెప్పాలో తెలియకుండా బడి తెరిచారు.

నా బాధ 3399లో ఉన్న ఒక్క నిబంధన గురించి. కామన్ కోర్ రద్దు చేయడంతో ఆగలేదు. ఇకమీదట బోర్డు ఏ స్టాండర్డ్స్ తయారు చేసినా సభలకి పంపాలి, సభలు ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, మార్చమనొచ్చు అన్నారు. మంచిదే కదా, ప్రజలు ఎన్నుకున్నవాళ్ళు చూస్తారు. కానీ సభ తను కూర్చునే 30 రోజుల్లో ఏ తీర్మానమూ చేయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అని కూడా రాసుకున్నారు. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. ఇక్కడది పూర్తి అంగీకారం. అదే రాష్ట్రంలో సభ ముగిశాక గవర్నర్ మౌనంగా ఉంటే బిల్లు చస్తుంది, సభ మౌనంగా ఉంటే పిల్లల పాఠం పుడుతుంది. గవర్నర్ ఊరుకుంటే అది ఆవిడ ఒక్కరి పేరు మీద పడుతుంది. సభ ఊరుకుంటే 149 మందిలో ఏ ఒక్కరి పేరు మీదా పడదు.

ఆ నిబంధన ఎంత దూరం లాక్కెళ్ళిందో 2025లో కళ్ళారా చూశాను. ఫిబ్రవరి 27న రాష్ట్ర విద్యా బోర్డు కొత్త సోషల్ స్టాండర్డ్స్ ఆమోదించింది. రాష్ట్ర విద్యాశాఖకి అప్పటి అధిపతి, సూపరింటెండెంట్ ర్యాన్ వాల్టర్స్ తెచ్చినవి. అందులో హైస్కూలు అమెరికా చరిత్రలో ఒకటి చూడు: 2020 ఎన్నికల ఫలితాల్లో తేడాలు గుర్తించాలట పిల్లలు! కొన్ని నగరాల్లో లెక్కింపు అకస్మాత్తుగా ఆగడం, పోస్టల్ ఓట్ల ప్రమాదం, ఇలా ఏమేం చూడాలో కూడా రాసి పెట్టారు. కోర్టుల్లో నిలబడని ఆరోపణలవి. పాఠం ముందే తీర్పు చెప్పేసి, సాక్ష్యం వెతకమని పిల్లవాడికి అప్పగిస్తే దాన్ని చరిత్ర అంటారా? నువ్వు చెప్పు, పాతికేళ్ళుగా చరిత్ర చెబుతున్నవాడివి.

ప్రజల అభిప్రాయం కోసం 2024 డిసెంబర్లో పెట్టిన ముసాయిదాలో ఆ వాక్యం లేదు. తర్వాత చేర్చారు. కొత్తగా వచ్చిన బోర్డు సభ్యులకి ఆఖరి కాపీ అందింది మీటింగుకి ముందురోజు సాయంత్రం. మార్పులున్నాయని తమకెవరూ చెప్పలేదని ఆ సభ్యులే తర్వాత పైకి చెప్పారు. సరే, బోర్డులో పొరపాటు జరిగింది, సభ ఉంది కదా దిద్దడానికి. సెనేట్ విద్యా కమిటీ అధ్యక్షుడు ఆడమ్ ప్యూ, వాల్టర్స్ పార్టీవాడే, వీటిని తిరస్కరిద్దామని తీర్మానం పెట్టాడు. అప్పుడు నాకు ఆశ పుట్టింది. ఏప్రిల్ ఆఖర్లో వాల్టర్స్ వచ్చి సెనేట్ రిపబ్లికన్లతో తలుపులు మూసుకుని మాట్లాడాడు. మామ్స్ ఫర్ లిబర్టీ అనే తల్లిదండ్రుల సంఘం వాళ్ళు ఎమ్మెల్యేలకి ఉత్తరం రాశారు, దీనికి అడ్డుపడితే ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, చూసుకుంటామన్నది దాని సారం. తీర్మానం సభలో ఓటుకి రానే లేదు. గడువు దాటింది. స్టాండర్డ్స్ అమలుకి సిద్ధమైపోయాయి.

ఆ రోజు ఓట్ల పట్టీ కోసం వెతికానురా. ఏముంటుంది? బడిలో పిల్లలకి ఈ రాష్ట్రం అంటగట్టిన అతి వివాదాస్పదమైన పాఠం మీద ఒక్క ఎస్ లేదు, ఒక్క నో లేదు.

మా పెద్దోడు పదకొండో క్లాసు. వాడికి ఈ సంవత్సరమే అమెరికా చరిత్ర. అందుకే వేసవిలో మా ఏరియా లైబ్రరీలో హౌస్ సభ్యుడు శనివారం కాఫీ మీటింగు పెడితే వెళ్ళాను. ఇరవైమంది ఉన్నారు, సగం రిటైరైన టీచర్లే. చెయ్యెత్తి అడిగాను, ఈ స్టాండర్డ్స్ మీరు ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా అని. మర్యాదగానే మాట్లాడాడు పాపం. "అది సెనేట్ దగ్గర ఆగింది, మా దాకా రాలేదు" అన్నాడు. వస్తే ఎటు వేసేవారని మళ్ళీ అడిగాను. "రాని ఓటు గురించి ఊహించి చెప్పలేను" అన్నాడు. నా చేతిలో కాగితం ఉంటే ఇదిగో మీ పేరు అని చూపించేవాణ్ణి. పక్కనున్న పెద్దావిడ, ముప్ఫయ్యేళ్ళు నాలుగో తరగతి చెప్పిందట, నా భుజం తట్టి "మంచి ప్రశ్న" అంది. అంతే.

అన్నట్టు, సెప్టెంబర్ 15న రాష్ట్ర సుప్రీంకోర్టు వీటి అమలు ఆపేసింది. మత పెద్దలు, టీచర్లు, తల్లిదండ్రులు వేసిన కేసది. కేసు తేలేదాకా 2019 నాటి పాత స్టాండర్డ్సే నడవాలంది. ఆ నెలాఖరుకి వాల్టర్స్ కూడా పదవి వదిలి వెళ్ళిపోయాడు. మావాడి చరిత్ర మాస్టారు ఊపిరి పీల్చుకుని ఉంటాడు. కానీ నాకది తృప్తి ఇవ్వలేదు. కోర్టు చూసేది పద్ధతి సరిగ్గా ఉందా లేదా అని. ఈ పాఠం మన పిల్లలకి తగినదా కాదా అని తేల్చడం సభ పని, ఆ పని సభ చేయలేదు.

ఇంకో సంగతి. 2014లో ఆ పెత్తనం సభలకి తెచ్చిపెట్టినవాళ్ళలో దాదాపు ఎవరూ ఇప్పుడు సభలో లేరు. ఇక్కడ ఎమ్మెల్యేగిరీకి రెండు సభలూ కలిపి 12 ఏళ్ళే హద్దు. చట్టం చేసిన చెయ్యి ఒకటి, దాన్ని వాడకుండా వదిలేసిన చెయ్యి ఇంకొకటి. బ్రెచీన్ ఇప్పుడు వాషింగ్టన్లో కాంగ్రెస్ సభ్యుడు. పాత పట్టీ తిరగేసి కోప్పడదామన్నా ఎదురుగా మనిషి ఉండడు.

మన దగ్గర విప్ భయం, ఇక్కడ ప్రైమరీ భయం. నవంబర్ ఎన్నిక చాలా సీట్లలో నామమాత్రం, అసలు తేలేది జూన్‌లో రిపబ్లికన్ ప్రైమరీలోనే. ఆ ప్రైమరీలో ఓటేసేవాళ్ళు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో గట్టిగా అరిచేవాళ్ళు ఇంకా కొద్దిమంది. ఎమ్మెల్యే చెవికి వాళ్ళే వినిపిస్తారు. కానీ ఇక్కడ విప్ కాదంటే సీటు పోదురా, అదే నాకు కోపం. చట్టం నోరు నొక్కలేదు, వాళ్ళే నొక్కుకున్నారు.

అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. నీకు తెలుసుగా, సిటిజన్‌షిప్ వచ్చినప్పుడు ఏ పార్టీ వద్దని ఇండిపెండెంట్‌గా నమోదు చేసుకున్నాను. రిపబ్లికన్ ప్రైమరీలో ఇండిపెండెంట్‌కి ఓటు లేదు. పార్టీ మార్చుకోవాలంటే ఎన్నికల సంవత్సరంలో ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు దాకా కుదరదు, మార్చి 31లోపే కాగితం ఇవ్వాలి. ఇచ్చేస్తున్నాను. సుజాతకి ఇష్టం లేదు, "మనం ఆ పార్టీ ఏంటి" అంటోంది. మనసు మార్చుకుని కాదు, పాఠాల సంగతి తేలే చోట నాకూ ఓటు ఉండాలని. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా చెప్పాను. సంక్రాంతి సంబరాలకి హాలు బుక్ చేయడానికి వందమంది ముందుకొస్తారు, దీనికి ముగ్గురే పలికారు. ఆ ముగ్గురితోనే మొదలుపెడతాను.

ప్రైమరీకి నిలబడ్డ ప్రతివాణ్ణీ ఒక్కటే అడుగుతాం. స్టాండర్డ్స్ మీద సభ చెయ్యెత్తి ఒప్పుకుంటేనే అమలు, ఊరుకుంటే అమలు కాదు అని చట్టం మారుస్తారా? ఎస్ అయినా నో అయినా సరే, పేరు పక్కన రాసుకుంటాం.

నువ్వు నాకొక సాయం చెయ్యి. మీ పదో తరగతి సోషల్ పుస్తకంలో ఎన్నికల పాఠం ఉంటుందిగా, ఆ పేజీలు ఫోటో తీసి పంపు. ఓడినవాడు ఫలితాన్ని ఒప్పుకోవడం గురించి మనవాళ్ళు పిల్లలకి ఎలా చెబుతున్నారో మావాడికి చూపించాలి. తెలుగు వాడికి కూడబలుక్కుని వస్తుంది, నేను పక్కన కూర్చుని చదివిస్తాను.

అమ్మగారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? చెల్లెమ్మకి, పిల్లలకి మా అందరి అభిమానాలు చెప్పు. దీపావళికి ఫోన్ చేస్తాను, ఈసారి ఆఫీసు మీటింగు లేని వేళ చూసుకుని.

నీ
శ్రీను