యోని ముఖద్వారం నొప్పికి సర్కారు దవాఖానాలో ఒక ఓపీ కావాలి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ నొప్పి గురించి మేమిచ్చిన వినతిపత్రాలకు జవాబు రానందున అందరి ఎదుటా రాస్తున్నాం.

యోని ముఖద్వారం దగ్గర మంట, పోటు కనీసం 3 నెలలు ఉండి, స్పష్టమైన కారణం దొరకకపోతే దాన్ని వల్వోడీనియా అంటారు. పైకి చర్మం మామూలుగానే ఉంటుంది. అందుకే ‘ఏమీ లేదమ్మా’ అని పంపేస్తారు, లేదా పరీక్ష లేకుండానే ఫంగస్ క్రీము మళ్లీ మళ్లీ రాస్తారు. ఆ క్రీమే మంట పెంచవచ్చు. బస్సులో కూర్చోలేనివారు, కాపురంలో నిందలు మోసేవారు ఎవరికి చెప్పుకోవాలి?

నిర్ధారణకు ఖరీదైన స్కానింగ్ అక్కర్లేదు. తడి దూదిపుల్లతో ముఖద్వారం చుట్టూ గడియారం అంకెల వరుసలో మెల్లగా తాకి, నొప్పిని 0 నుంచి 10 వరకు నమోదు చేయాలి. ఫంగస్ కల్చర్‌తో (నమూనాను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) ఇన్ఫెక్షన్ లేదని తేల్చాలి. చికిత్సలో తిమ్మిరెక్కించే లిడోకెయిన్ 5 శాతం ఆయింట్‌మెంట్, రాత్రి 10 మి.గ్రా.తో మొదలుపెట్టి క్రమంగా పెంచే అమిట్రిప్టిలిన్ అనే నరాల నొప్పి మాత్ర, కటి కండరాలకు ఫిజియోథెరపీ ఉంటాయి (కండరాలు బిగించడం కాదు, వదులు చేయడం నేర్పాలి). మాత్ర గుణం వారాలకు గానీ తెలియదు. ఆ మాట ముందే చెప్పకపోతే మధ్యలోనే మానేస్తారు.

నగరంలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో వారానికి ఒక పూట, తలుపు వేసుకునే గదిలో, గైనకాలజిస్టు, ఫిజియోథెరపిస్టు కలిసి చూసే ఓపీ పెట్టించండి. బస్తీ దవాఖానాలు అక్కడికే రిఫర్ చేయాలని, పరీక్ష లేకుండా రెండోసారి ఫంగస్ మందు రాయకూడదని ఉత్తర్వులివ్వండి. 30 రోజుల్లో రాతపూర్వక జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
కటి నొప్పి చికిత్సలో పనిచేసే ఫిజియోథెరపిస్టులు, నర్సులు,
హైదరాబాద్