యాప్ మూసివేత, మొబైల్ వెబ్‌సైట్ ప్రారంభం: తెనాలి పచ్చళ్ళ దుకాణం నుంచి ఖాతాదారులకు

మా ఖాతాదారులందరికీ నమస్కారం.

ఈ మార్చి 31వ తేదీతో మా పచ్చళ్ళ దుకాణం యాప్‌ను మూసివేస్తున్నాం. ఏప్రిల్ 1 నుంచి ఆర్డర్లన్నీ మొబైల్ వెబ్‌సైట్ ద్వారా, లేదా ఎప్పటిలాగే ఫోను ద్వారా తీసుకుంటాం. కొత్త ఆవకాయ జాడీలకెక్కే లోపే ఈ మార్పు పూర్తి కావాలని తొందరపడుతున్నాం. నాలుగేళ్ళ కిందట "మా యాప్ దింపుకోండి, ఐదు శాతం తగ్గింపు పొందండి" అని ప్రతి పార్సిల్‌లోనూ చీటీ పెట్టి పంపినవాళ్ళం మేమే కనుక, ఇప్పుడు ఎందుకు వెనక్కి తగ్గుతున్నామో దాచకుండా చెప్పవలసిన బాధ్యత కూడా మాదే.

ఇది మా అత్తగారు ఇంటి వసారాలో రెండు జాడీలతో మొదలుపెట్టిన వ్యాపారం. కరోనా కాలంలో పార్సిల్ ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగి, ఫోనులో విని రాసుకున్న చిరునామాలలో తప్పులు దొర్లడం, బెంగళూరుకు వెళ్ళవలసిన మాగాయ భీమవరానికి వెళ్ళడం వంటివి జరిగాయి. అప్పుడు మాకు కావలసింది చిరునామాను ఖాతాదారులే స్వయంగా రాసే ఏర్పాటు, అంతే. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఫలానా వారికి యాప్ ఉందట అన్న మాట చెవిన పడి, మనకు లేకపోతే చిన్నచూపు చూస్తారేమోనన్న బెరుకుతో, 2022 వేసవికి ముందు ఒక సంస్థకు 2,80,000 రూపాయలు చెల్లించి యాప్ తయారు చేయించాం. ఆ డబ్బుతో గ్రైండరు మార్చి, ఎండబెట్టే డాబా మీద జాలీ వేయించి ఉండవచ్చునని మా అత్తగారు నేటికీ అంటూ ఉంటారు.

అసలు పొరపాటు ఎక్కడ జరిగిందంటే, మా సరుకును ఖాతాదారులు ఎన్నాళ్ళకొకసారి కొంటారన్న లెక్కను మేము వేసుకోలేదు. మా పుస్తకాలు తిరగేసి చూస్తే ఒక కుటుంబం వేసవిలో ఆవకాయ, సంక్రాంతి ప్రాంతంలో గోంగూర, మధ్యలో ఎప్పుడైనా కందిపొడి, కరివేపాకు పొడి తెప్పించుకుంటుంది. ఏడాదికి రెండు మూడు సార్లకు మించి తెరవని యాప్‌ను ఫోనులో ఉంచుకోవడానికి ఎవరికీ కారణం ఉండదు. మనవరాలి వీడియోలతో ఫోను నిండిపోయిన రోజున ముందుగా తీసివేసేది మా యాప్‌నే, అందులో మీ తప్పేమీ లేదు. మళ్ళీ వేసవి వచ్చేసరికి యాప్ కొత్తగా దింపుకోవాలి, పాత పాస్‌వర్డు గుర్తుండదు, అంత శ్రమ ఎందుకని మీరు నేరుగా ఫోను చేస్తారు. అంటే యాప్ ఉన్నా మేము ఫోనులో చిరునామాలు రాసుకుంటూనే ఉన్నాం.

కొత్తగా వచ్చేవారి విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. మా పచ్చడి సంగతి ప్రకటన వల్ల కాక, ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులలో ఒకరు మరొకరికి చెప్పడం వల్లే వ్యాపిస్తుంది. అటువంటి చోట యాప్ లింకు పంపితే, దాన్ని నొక్కినవారు ముందు స్టోరులోకి వెళ్ళాలి, దింపుకోవాలి, అనుమతులు ఇవ్వాలి, ఓటీపీతో నమోదు కావాలి, ఆ తరువాతగానీ గోంగూర ధర కనబడదు. వెబ్‌సైట్ లింకు అయితే నొక్కగానే ఆ గోంగూర పేజీయే తెరుచుకుంటుంది.

ఇక యాప్‌ను నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు గురించి కూడా చెప్పాలి. యాప్ అంటే ఒకసారి కట్టించి వదిలేసే గోడ కాదని మాకు ఆలస్యంగా తెలిసింది. ఆండ్రాయిడ్ ఏటా కొత్త కూర్పుకు (వెర్షన్‌కు) మారుతుంది కనుక, ప్లే స్టోరులో ఉన్న యాప్‌లు కూడా దానికి తగినట్లు మారాలని గూగుల్ గడువు పెడుతుంది. ఆ గడువు సాధారణంగా ఆగస్టు 31వ తేదీన ముగుస్తుంది. అలా మారకుండా బాగా వెనకబడిపోయిన యాప్, తనకంటే కొత్త ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లలో కొత్తగా వెదికేవారికి కనబడడం మానేస్తుంది. మా యాప్ తయారు చేసిన సంస్థ ఈ మార్పులకు మొదటి ఏడాది ఏమీ అడగలేదు, రెండో ఏడాది కొంత అడిగింది, మూడో ఏడాది అడిగిన మొత్తం వేసవి లాభంలో పెద్ద భాగం కావడంతో మేము వాయిదా వేశాం. యాప్‌ను స్టోరులో పెట్టడానికి తెరవవలసిన డెవలపర్ ఖాతాకు ప్లే స్టోరు తీసుకునే రుసుము ఒకేసారి కట్టే 25 డాలర్లు మాత్రమే అయినా, ఆ ఖాతాను మా పేరున తెరిపించుకోవాలన్న తెలివి మాకు లేకపోయింది. ఖాతా ఆ సంస్థ చేతిలోనే ఉండడంతో మరొకరి చేత పని చేయించుకునే దారి కూడా సులభంగా దొరకలేదు.

ఆ తరువాత కొద్ది నెలలకు, మొదటినుంచీ మా దగ్గర పచ్చళ్ళు తీసుకునే మాస్టారు ఒకరు ఫోను చేశారు. ఆయన తన వియ్యంకుడికి మా యాప్ పేరు చెప్పగా, ఆ వియ్యంకుడు కొత్తగా కొన్న ఫోనులో ఎంత వెదికినా దొరకలేదట. "దుకాణం ఎత్తేశారామ్మా?" అని మాస్టారు అడిగిన తీరు మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది.

ఐఫోను వాడే ఖాతాదారులలో ఎక్కువమంది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటూ ఇక్కడి తల్లిదండ్రుల కోసం ఆర్డరు పెట్టేవారే. వారికోసం యాపిల్ స్టోరులో కూడా పెడదామని ప్రయత్నించాం. అక్కడ డెవలపర్ ఖాతాకు ఏటా 99 డాలర్లు కట్టాలి. పైగా, ఉన్న వెబ్ పేజీలనే ఒక డబ్బాలో పెట్టి యాప్ అని ఇస్తే యాపిల్ నిబంధనలు ఒప్పుకోవు. మా యాప్ తిరస్కరణకు గురైన రోజున మాకు తెలిసిన సంగతి ఏమిటంటే, మేము 2,80,000 రూపాయలు పెట్టి కొన్నది సరిగ్గా అటువంటి డబ్బానే.

యాప్ స్టోర్లకు ప్రతి ఆర్డరు మీదా 15 నుంచి 30 శాతం పోతుందట కదా, అందుకే మూసేస్తున్నారా అని కొందరు అడిగారు. అది నిజం కాదు. ఆ రుసుము యాప్ లోపల అమ్మే ఆటలు, చందాలు వంటి డిజిటల్ సరుకులకు వర్తిస్తుంది. పెట్టెలో పెట్టి పంపే పచ్చడికి వర్తించదు. మా నష్టానికి కారణం మేమే కనుక లేని కారణాన్ని అడ్డు పెట్టుకోవడం మాకు ఇష్టం లేదు.

పెద్ద సంస్థల అనుభవాన్ని చూసైనా మేము జాగ్రత్తపడి ఉండవలసింది. ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే మింత్రా 2015 మే నెలలో వెబ్‌సైట్‌ను మూసి పూర్తిగా యాప్‌కు పరిమితమై, 2016 జూన్‌లో డెస్క్‌టాప్ వెబ్‌సైట్‌ను తిరిగి తెరిచింది. ఫ్లిప్‌కార్ట్ కూడా 2015లో మొబైల్ వెబ్‌సైట్‌ను ఆపివేసి, అదే సంవత్సరం నవంబరులో ఫ్లిప్‌కార్ట్ లైట్ అనే పేరుతో బ్రౌజరులోనే తెరుచుకునే ఏర్పాటుకు తిరిగి వచ్చింది. అంత పెట్టుబడి ఉన్నవారే బ్రౌజరును వదులుకోలేకపోయినప్పుడు, జాడీలు లెక్కపెట్టుకునే మాబోటివాళ్ళు వదులుకోగలమనుకోవడం అమాయకత్వం.

అయితే చిన్న వ్యాపారమైతే చాలు యాప్ దండుగ అని మేము అనడం లేదు. మా వీధిలోనే ఇంటింటికీ పాలు వేయించే ఒకాయన యాప్ నడుపుతున్నారు. రేపు పాలు వద్దనో, అర లీటరు ఎక్కువ కావాలనో రాత్రి పడుకునే ముందు నొక్కడానికి ఖాతాదారులు రోజూ దాన్ని తెరుస్తారు, నెల తిరగగానే లెక్క అందులోనే చూసుకుంటారు. అక్కడ యాప్ పెట్టుబడి గిట్టుబాటు అవుతుంది. బండి ఎక్కడ ఉందో క్షణక్షణం చూపవలసిన వ్యాపారానికీ, సిగ్నల్ లేని చోట కూడా పని సాగవలసిన వ్యాపారానికీ యాప్ అవసరమే. మాది ఆ రకం వ్యాపారం కాదు.

యాప్‌కు సంబంధించి మేము చేసిన వాటిలో ఎక్కువ బాధించేది ఆ ఐదు శాతం తగ్గింపు. యాప్ వాడడం రాక, లేదా ఫోనులో చోటు లేక, ఫోను చేసి ఆర్డరు పెట్టినవారిలో చాలామంది మా అత్తగారి కాలం నుంచి ఉన్న పెద్దవారు. మొదటినుంచి మమ్మల్ని నిలబెట్టినవారి దగ్గర ఎక్కువ ధర, నిన్న వచ్చినవారి దగ్గర తక్కువ ధర తీసుకున్నామన్న మాట. ఏప్రిల్ 1 నుంచి ఎక్కడ ఆర్డరు పెట్టినా ఒకటే ధర ఉంటుంది. యాప్ తగ్గింపుకు అలవాటుపడినవారికి ఇది కొంత భారమని తెలుసు, అందుకు క్షమించమని కోరుతున్నాం.

కొత్త వెబ్‌సైట్‌ను ఈసారి తెనాలిలోనే ఉండే ఒక యువకుడి చేత చేయించాం. డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ చిరునామా, మా పేరుననే నమోదైంది. పేజీ తేలికగా ఉండాలన్నదే మేము పెట్టిన మొదటి షరతు. పాత యాప్‌లో ఒక్కొక్క ఫోటో నాలుగు ఎంబీల దాకా ఉండేది, ఇప్పుడు ఏ ఫోటో కూడా వంద కేబీలు దాటదు. తెలుగు లిపిలో గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు కలిసి చాలా ఆకారాలు కావడం వల్ల తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషు ఫాంటు ఫైలు కంటే బరువుగా ఉంటుంది. అందుకని అలంకారపు ఫాంటు మానుకొని, మీ ఫోనులో ముందే ఉన్న తెలుగు ఫాంటునే వాడుతున్నాం. అక్షరాలు మునుపటంత ముచ్చటగా లేవని అనిపించవచ్చు, కానీ సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్ళో కూడా పేజీ త్వరగా తెరుచుకుంటుంది. పాస్‌వర్డుతో పని లేదు, ఓటీపీ చాలు. డబ్బు చెల్లించే చోట నొక్కితే మీ ఫోనులో ఉన్న యూపీఐ యాప్ నేరుగా తెరుచుకుంటుంది. తరచుగా వాడేవారు బ్రౌజరు మెనూలో హోమ్ స్క్రీన్‌కు చేర్చే ఎంపికను నొక్కితే, యాప్‌లాగే ఒక గుర్తు అక్కడ కనబడుతుంది.

వెబ్‌సైట్‌కు లోపాలు లేవని కూడా చెప్పలేం. ఆవకాయ సిద్ధమైందని యాప్ మీకు గంట కొట్టి చెప్పేది. వెబ్‌సైట్ నుంచి అటువంటి సందేశాలు పంపే వీలు ఉన్నా, ఐఫోనులలో అది 2023 మార్చిలో వచ్చిన 16.4 కూర్పు నుంచే, అది కూడా హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్నవారికే సాధ్యం. అందువల్ల దాని జోలికి పోకుండా, కోరినవారికి మాత్రమే ఏడాదికి ఒక్కసారి, ఆవకాయ కలిపిన వారంలో, వాట్సాప్ సందేశం పంపాలని నిర్ణయించుకున్నాం.

యాప్‌లో మీ పేరున మిగిలి ఉన్న పాయింట్లను రూపాయికి రూపాయిగా లెక్కగట్టి, ఏప్రిల్ 30లోగా యూపీఐ ద్వారా తిరిగి పంపుతాం. ఇందుకోసం మీరు ఏమీ చేయనక్కరలేదు. మా నుంచి అంటూ ఎవరైనా ఫోను చేసి పిన్ గానీ ఓటీపీ గానీ అడిగితే చెప్పవద్దు. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం ఉండదు. యాప్‌లో దాచిన మీ పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలను పాత సంస్థ దగ్గరి నుంచి తీయించివేస్తున్నాం, తీసివేసినట్లు రాతపూర్వకంగా తీసుకుంటాం. పాత చిరునామాలను కొత్త వెబ్‌సైట్‌లోకి మా అంతట మేము ఎక్కించడం లేదు కనుక, మొదటి ఆర్డరుకు మీరు ఇంకొకసారి రాయవలసి వస్తుంది.

గత వారం ఆ మాస్టారినే దుకాణానికి పిలిచి వెబ్‌సైట్ చూపించాం. ఆయన తన ఫోనులోనే తెరిచి, పావు కిలో ఎంపిక పేజీలో మరీ అడుగున ఉందని, కళ్ళజోడు ఉన్నా కనబడలేదని తప్పు పట్టారు. దాన్ని పైకి మార్పించాం. ఆయన ఆర్డరు మాత్రం వెబ్‌సైట్‌లో పెట్టకుండా, ఎదురుగా కూర్చున్న మా అత్తగారికే చెప్పి వెళ్ళారు. ఫోను ఆర్డర్లు ఎప్పటిలాగే ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకు తీసుకుంటాం, చిరునామా మాత్రం దయచేసి పిన్ కోడుతో సహా నెమ్మదిగా చెప్పండి.