మా పిల్లల కంప్యూటర్ల మీదికి మన గోదావరి ఫోటోలు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో వేసే గోదావరి ఫోటోలని మా పిల్లలు కంప్యూటర్ తెర వెనక బొమ్మగా, అంటే వాల్‌పేపర్‌గా, పెట్టుకోవడం గురించి ఒక విన్నపం ఉంది. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది అంబాజీపేట మండలంలో ఒక పల్లె. సాయంత్రాలు మా ఇంటి వసారాలో ఆరు నుంచి పదో తరగతి దాకా పిల్లలకి ట్యూషన్ చెబుతాను. మూసేసిన ఒక నెట్ సెంటర్ వాళ్ల దగ్గర ఆరు పాత కంప్యూటర్లు కొన్నాను, ఒక్కోదానికి 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 11 వేద్దామంటే అది అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఈ మిషన్లలో లేదు, పారేయడానికి మనసొప్పలేదు, అందుకని అన్నింట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం. బాగానే నడుస్తున్నాయి.

మొదటిరోజు ఏడో తరగతి పాప ఒకతె తెర వైపు చూసి, "టీచర్, ఈ కొండ తీసేసి మా రేవు పెట్టుకోవచ్చా?" అని అడిగింది. టైపింగ్ కాదు, గేమ్స్ కాదు, ముందు అడిగింది అది. ఆ మాట దగ్గరే ఈ ఉత్తరం మొదలైంది.

మా తరానికి కంప్యూటర్ అనగానే గుర్తొచ్చేది విండోస్ ఎక్స్‌పీలో నీలం ఆకాశం కింద ఉండే పచ్చ గుట్ట. అది గీసిన బొమ్మ అని చాలామంది అనుకుంటారు, కాదు, చార్లెస్ ఓరియర్ అనే ఆయన 1996లో కాలిఫోర్నియాలోని సోనోమా ప్రాంతంలో తీసిన ఫోటో. ఎవరో తన దారిన పోతూ రోడ్డు పక్కన ఆగి తీసిన చోటు అన్ని కోట్ల తెరల మీదికి ఎక్కింది. మన డెల్టాలో గుట్ట అన్నదే లేదు, మా పిల్లలు కొండ చూడాలంటే పాపికొండల దాకా పోవాలి. అయినా రోజూ వాళ్ల కళ్ల ముందు ఉండేది ఎవరిదో కొండ. ఇంటి వెనక కాలువ, కొబ్బరి దింపు, ఊడ్పుల్లో వంగిన ఆడవాళ్లు, గోదావరి దాటే పంటు, ఇవి మాత్రం తెర మీదికి రావు.

బొమ్మ మార్చడం కష్టమేం కాదు. ఖాళీ తెర మీద మౌస్ కుడి బటన్ నొక్కితే డెస్క్‌టాప్ సెట్టింగ్స్ అని వస్తుంది, ఫోల్డర్ చూపించి ఫోటో ఎంచుకుంటే అయిపోయింది. చిక్కంతా ఫోటోతోనే. పదో తరగతి కుర్రాడొకడు మీ పత్రికలో వచ్చిన, కనుమ నాడు జగ్గన్నతోటకి మోసుకొచ్చే ఎత్తైన ప్రభల ఫోటోని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టాడు. కాగితం మడత అడ్డంగా కనబడుతోంది, అచ్చులో చుక్కలన్నీ పెద్దవై గళ్ల చీరలా అయింది, మూల మీద శీర్షికలో సగం అక్షరాలు. ఆన్‌లైన్ పేజీ నుంచి తీసుకుంటే ఇంకా చిన్నది, 1366 బై 768 తెర మీదికి సాగదీసేసరికి అలుక్కుపోయింది. వాడికి ఏడుపొక్కటే తక్కువ. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువలో దిగి దాటే ఫోటో అది, వాడి నాన్న కూడా ఆ మోతలో ఉన్నాడట.

సరే మనమే తీద్దాం అని కనుమ నాడు ఫోన్లు పట్టుకుని వెళ్లారు. అక్కడ ఇంకో సంగతి తెలిసింది. ఫోన్ ఫోటో నాలుగుకి మూడు వంతున ఉంటుంది, తెర పదహారుకి తొమ్మిది. స్టైల్ అన్నచోట జూమ్డ్ అని పెడితే వెడల్పు నిండుతుంది కానీ ఎత్తులో సరిగ్గా పావు వంతు పోతుంది, అంటే ప్రభ కొస తెగిపోతుంది. స్ట్రెచ్డ్ పెడితే ఏదీ తెగదు, మనుషులందరూ పొట్టిగా లావుగా అయిపోతారు. స్కేల్డ్ పెడితే ఫోటో మొత్తం కనబడుతుంది, రెండు పక్కలా పట్టీలు మిగులుతాయి, వాటికి ఏదైనా ముదురు రంగు ఇచ్చుకోవాలి. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినవైతే సగానికి పైగా పోతుంది, అవి వదులుకోవడమే. ఇప్పుడు పిల్లలు ఫోన్ అడ్డంగా పట్టి, పైన ఆకాశం ఎక్కువ వదిలి, తెర మీద ఐకాన్లు వచ్చే ఎడమ పక్కన ఖాళీ ఉంచి తీస్తున్నారు. వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపుతున్నారు, లేకపోతే అది నాణ్యత తగ్గించేస్తుంది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఒకటి చెప్పాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో బొమ్మలు వాటంతటవే మారేలా పెట్టుకోవచ్చు, నిమిషాలకో గంటలకో రోజుకోసారో. అందులోనే క్రొనొలాజికల్ అని ఒకటుంది. ఫోల్డర్‌లో ఉన్న ఫోటోల్ని పేర్ల వరుసలో పేర్చి, రోజు మొత్తాన్ని వాటికి సమానంగా పంచుతుంది, 24 ఉంటే గంటకొకటి, 12 ఉంటే రెండు గంటలకొకటి. పిల్లలు ఒకే రేవు దగ్గర, ఒకే మెట్టు మీద నిలబడి పన్నెండు వేళల్లో పన్నెండు ఫోటోలు తీశారు. మొదటిరోజు సాయంత్రం ఐదింటికి తెర మీద తెల్లవారుజాము వచ్చింది! చూస్తే ఫైళ్లకి పొద్దు, మిట్టమధ్యాహ్నం, సందెవేళ అని పేర్లు పెట్టారు, కంప్యూటర్‌కి అక్షర క్రమమే తెలుసు కదా. అర్ధరాత్రి నుంచి లెక్కగట్టి 01 నుంచి 12 దాకా పేర్లు మార్చాక కుదిరింది. ఇప్పుడు బయట చీకటి పడుతుంటే తెర మీద కాలువలోనూ చీకటి పడుతుంది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు, మళ్లీ నీళ్లు వదిలినప్పుడు కూడా అదే మెట్టు మీంచి తీస్తామంటున్నారు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా కట్టించిన ఆనకట్ట గురించి నేను ఎన్నోసార్లు పాఠం చెప్పాను, ఈ నీళ్లు అక్కణ్నుంచే వస్తున్నాయని వాళ్లంతట వాళ్లు అడిగి తెలుసుకున్నది ఈ ఫోటోల వల్లే.

ఇంకా చిన్న చిన్న ఇబ్బందులు వచ్చాయి. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫోటోని అక్కణ్నుంచే పెట్టేసి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లిపోతే మర్నాడు బొమ్మ ఉండదు, ఎందుకంటే కంప్యూటర్ దాచుకునేది ఫోటోని కాదు, అది ఎక్కడుందన్న చిరునామాని. ముందు పిక్చర్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవాలి. ఒకసారి మానిటర్ కేబుల్ వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చగానే పాత కొండ మళ్లీ ప్రత్యక్షమైంది, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక్కో మానిటర్ కనెక్షన్‌కి విడిగా గుర్తుపెట్టుకుంటుందట. మా మేనల్లుడు వాడే ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్‌లో కమాండ్‌తో మారిస్తే మారలేదన్నాడు, వాడు డార్క్ మోడ్‌లో ఉన్నాడు, ఉబుంటు తెరని నడిపే గ్నోమ్‌లో, 2022లో వచ్చిన 42వ వెర్షన్ నుంచి వెలుతురు రంగుకి ఒక బొమ్మ, చీకటి రంగుకి ఇంకొక బొమ్మ వేర్వేరుగా ఉంటాయి, రెండూ మార్చాలి.

పిల్లలు వాల్‌పేపర్లు మార్చుకుంటూ టైం వేస్ట్ చేస్తున్నారని కొందరు తల్లిదండ్రులు నా దగ్గర అన్నారు. నేను ఒప్పుకోను. ఫోల్డర్ అంటే ఏమిటి, ఫైల్ పేరు ఎందుకు ముఖ్యం, పిక్సెల్ అంటే ఏమిటి, నిష్పత్తి లెక్క ఎక్కడ పనికొస్తుంది, ఇవన్నీ నేను బోర్డు మీద చెప్పినప్పుడు ఎక్కలేదు, ప్రభ కొస తెగినప్పుడు ఎక్కాయి. 12 మెగాపిక్సెల్ ఫోటో విప్పితే మెమరీలో దాదాపు 36 ఎంబీ తీసుకుంటుందని, తెరకి సరిపడా చిన్నది చేస్తే పాత మిషన్‌కి భారం తగ్గుతుందని ఎనిమిదో తరగతి పిల్ల గుణించి చెప్పింది. ప్రతి పిల్లకీ వేరే లాగిన్ ఇచ్చాను కాబట్టి ఎవరి బొమ్మ వాళ్లది, ఒకరు మారిస్తే ఇంకొకరిది పోదు. ఆ కంప్యూటర్ నాది అని పిల్ల అనుకునేది అక్కడే.

ఇప్పుడు మీతో పని. పిల్లల ఫోన్లతో రేవు తీయగలం, ఊరు తీయగలం. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు, వరదలో లంకలు, పైనుంచి చూస్తే పచ్చటి కొబ్బరితోటల మధ్య గీతల్లా కాలువలు, ఇవి మా వల్ల కాదు. మీ ఫోటోగ్రాఫర్ల దగ్గర ఇవన్నీ ఉన్నాయి. నెలకి ఐదారు ఫోటోలు, మీద అక్షరాలు, పత్రిక గుర్తు లేకుండా, కనీసం 1920 బై 1080 సైజులో మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఒక్కోటి ఎంబీకి అటూ ఇటూ ఉంటుంది, మీకు పెద్ద బరువు కాదు. ఏ ఊరు, ఏ నెల, ఎవరు తీశారు అన్నది తప్పకుండా రాయండి.

దాంతోపాటు వాడుకోవచ్చని ఒక్క వాక్యం కావాలి, అది లేకపోతే నేను పిల్లలకి పంచలేను. క్రియేటివ్ కామన్స్‌లో బీవై అనే లైసెన్స్ ఉంది, తీసినవాళ్ల పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అందరూ వాడుకునే ఫోటోలు దాచే వికీమీడియా కామన్స్ సైట్‌లో కూడా పెట్టవచ్చు. వ్యాపారానికి వాడేస్తారని భయమైతే, అది కుదరదనే ఎన్‌సీ షరతు ఉన్నది ఇవ్వండి, వికీమీడియా కామన్స్ వాళ్లు దాన్ని తీసుకోరు కానీ పిల్లలు ఇంట్లో పెట్టుకోవడానికి చాలు. అయితే మీ ఫోటోగ్రాఫర్లని అడిగి చేయండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికలో ఉద్యోగం చేస్తూ పత్రిక కోసం తీసిన ఫోటో మీద పత్రికల్లో అచ్చువేసే హక్కు యజమానిది, మిగతా హక్కులు తీసినవాళ్లవి. వాళ్ల పేరు మా పల్లెల్లో పిల్లల నోట్లో నానుతుంటే వాళ్లకీ సంతోషమే కదా.

వచ్చే కనుమకి మీ ఫోటోగ్రాఫర్ జగ్గన్నతోటకి ఎలాగూ వస్తారు. పత్రిక కోసం తీయాల్సినవి తీసుకున్నాక, ఆ పదకొండు ప్రభలు ఒకచోట నిలబడినప్పుడు, మా వాళ్ల కోసం ఒక్కటి అడ్డంగా, కొసలకి పైన ఆకాశం బాగా వదిలి, ఎడమ పక్కన ఖాళీ ఉంచి తీయమని చెప్పండి.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచరు,
అంబాజీపేట మండలం, కోనసీమ