చార్లీ బేకర్ గారికి బహిరంగ లేఖ: ప్లేయర్‌ని తయారుచేసిన చిన్న కాలేజీకి కూడా వాటా ఇవ్వండి

అమెరికాలో కాలేజీల ఆటల పోటీలు నడిపే ఎన్‌సీఏఏ ప్రెసిడెంట్ చార్లీ బేకర్ గారికి నమస్కారం.

నేను జెర్సీ సిటీలో ఉంటాను. ఇదే లెటర్ ఇంగ్లీషులో మీ ఆఫీసుకి కూడా పంపిస్తున్నాను. తెలుగులో ఎందుకు పెడుతున్నానంటే, ఇక్కడ కెనడీ బులెవార్డ్ మీదున్న సెయింట్ పీటర్స్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేయడానికి వచ్చే మన పిల్లలు చాలామంది, వాళ్ళు చదివే కాలేజీ ఒకప్పుడు ఏం చేసి చూపించిందో ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి కూడా తెలియాలని.

2021-22 సీజన్ మొదట్లో ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ పీకాక్స్‌ని ఎవరూ పట్టించుకోలేదు. గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ, దానికితోడు డిసెంబర్‌లో కోవిడ్ వచ్చి చాలా రోజులు మ్యాచ్‌లే లేవు. అలాంటిది మార్చికి మొత్తం మారిపోయింది, అట్లాంటిక్ సిటీలో మన్‌మత్‌ని 60-54తో కొట్టి తమ కాన్ఫరెన్స్ (కలిసి ఆడుకునే కాలేజీల గ్రూప్) టైటిల్ తెచ్చుకుని 2011 తర్వాత మొదటిసారి ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి వెళ్ళారు, అదీ 15వ సీడ్‌గా, అంటే ర్యాంకుల్లో దాదాపు అట్టడుగున. ఎదురుగా కెంటకీ. ఎనిమిది సార్లు చాంపియన్, 2వ సీడ్. ఇద్దరు కోచ్‌ల జీతాలు పక్కపక్కన పెడితేనే తెలిసిపోతుంది ఇది ఏ స్థాయి పోటీనో.

ఆ మ్యాచ్ నాకు ఇంకా కళ్ళముందే ఉంది. చివర్లో కెంటకీ లీడ్‌లో ఉంది, ఇక అయిపోయిందిలే అనుకుంటుంటే మీసాల కుర్రాడు డగ్ ఎడర్ట్ లోపలికి దూసుకెళ్ళి పెద్దోళ్ళ చేతుల మీదుగా బాల్ పైకి లేపాడు, 71-71, ఓవర్‌టైమ్. అక్కడ వీళ్ళకి ఒక్కళ్ళకీ చేయి వణకలేదండీ, 85-79. డరిల్ బ్యాంక్స్ 27 పాయింట్లు, బెంచ్ మీంచి వచ్చిన ఎడర్ట్ 20. తర్వాత మర్రే స్టేట్‌ని 70-60తో ఇంటికి పంపారు. న్యూజెర్సీ, న్యూయార్క్ పిల్లలు దేనికీ భయపడరని కోచ్ షహీన్ హాలోవే ఆ రోజే అందరి ముందూ చెప్పాడు, చెప్పినట్టే ఫిలడెల్ఫియాలో పర్‌డ్యూని, ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ ఉన్న పర్‌డ్యూని, 67-64తో ఓడించారు. 15వ సీడ్ ఎలైట్ ఎయిట్‌కి, అంటే చివరి ఎనిమిది టీమ్‌లలోకి రావడం టోర్నమెంట్ చరిత్రలోనే అదే మొదటిసారి. నార్త్ కరోలినా చేతిలో 69-49తో ఓడిపోయారు, అయినా ఇక్కడ జనం వాళ్ళని గెలిచినవాళ్ళలాగే చూసుకున్నారు.

అసలు విషయం ఇక్కడినుంచి మొదలవుతుంది బేకర్ గారూ. వారం తిరక్కముందే హాలోవే తను చదువుకున్న సీటన్ హాల్‌కి కోచ్‌గా వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ప్లేయర్ కేసీ ఎన్‌డెఫో. ఎడర్ట్ బ్రయంట్‌కి, బ్యాంక్స్ సెయింట్ బొనవెంచర్‌కి, మాథ్యూ లీ మిస్సోరి స్టేట్‌కి, మాలీ నుంచి వచ్చిన డ్రామే కవలలు ఇద్దరూ లాసాల్‌కి. ఆ మార్చి టీమ్ నవంబర్‌కి లేదు. నాకు పిల్లల మీద ఒక్క శాతం కూడా కోపం లేదు, వాళ్ళ కష్టం వాళ్ళది, ఎక్కడ మంచి అవకాశం ఉంటే అక్కడికి వెళ్ళాలి, ఒకప్పుడు కాలేజీ మారితే ఏడాది పాటు కూర్చోబెట్టిన రూల్ మళ్ళీ తెమ్మని నేను అస్సలు అడగట్లేదు.

కానీ తయారుచేసిన కాలేజీకి ఏం మిగిలింది? కోచ్ కాంట్రాక్ట్ మధ్యలో వెళ్తే చాలాచోట్ల బైఅవుట్ అని ఎంతో కొంత వస్తుంది, ప్లేయర్ వెళ్తే మామూలుగా ఏమీ రాదు. టోర్నమెంట్‌లో ఆడిన మ్యాచ్‌లకి మీరిచ్చే యూనిట్ డబ్బు ఆరేళ్ళపాటు కాన్ఫరెన్స్‌కి పోతుంది, అందులోంచి మిగతా కాలేజీలతో కలిసి పంచుకోవాల్సిందే. ఇప్పుడైతే ప్లేయర్లు వేసిన కేసులో 2025లో సెటిల్‌మెంట్ అయ్యాక పెద్ద కాలేజీలు ఏడాదికి 2 కోట్ల డాలర్ల పైనే ప్లేయర్లకి నేరుగా ఇవ్వొచ్చు, సెయింట్ పీటర్స్ లాంటి చోటు ఆ పోటీలో నిలబడటం జరిగే పనేనా మీరే చెప్పండి.

ఫుట్‌బాల్‌లో ఫిఫా దీనికో దారి చూపించింది. ఆటగాణ్ణి ఒక క్లబ్ నుంచి ఇంకో దేశం క్లబ్ కొనుక్కుంటే ఆ డబ్బులో 5 శాతం చిన్నప్పటినుంచి వాణ్ణి పెంచిన క్లబ్‌లకి వెళ్తుంది. మీ దగ్గర కూడా అలాంటిది పెట్టండి: చిన్న కాన్ఫరెన్స్ నుంచి వచ్చిన ప్లేయర్‌కి పెద్ద కాలేజీ డబ్బు కడితే, దానిపైన ఇంకో 5 శాతం తన జేబులోంచి పాత కాలేజీకి ఇవ్వాలి. పిల్లాడి వాటాలో పైసా తగ్గకూడదు. ఆ డబ్బుతో ఒక అసిస్టెంట్ కోచ్‌ని పెట్టుకోవచ్చు, బస్సులో పోయే దూరాలకి ఫ్లైట్‌లో వెళ్ళొచ్చు.

ఇంకొకటి. టోర్నమెంట్‌ని 68 టీమ్‌ల నుంచి పెంచే లెక్కల్లో చిన్న కాన్ఫరెన్స్ చాంపియన్లని ముందు రౌండ్లలోకి నెట్టొద్దు. ఇప్పటికే డేటన్‌లో, అసలు రౌండ్‌కి ముందు ఆడే ఫస్ట్ ఫోర్‌లో రెండు మ్యాచ్‌లు 16వ సీడ్‌లవే. రేపు 15వ సీడ్‌లని కూడా అక్కడికి పంపితే, మధ్యలో దమ్ము తీసుకునే టైమే లేకుండా వెళ్ళి కెంటకీ లాంటి టీమ్‌తో ఆడాల్సి వస్తుంది.

జెర్సీ సిటీలోనే పుట్టి పెరిగిన బషీర్ మేసన్ కోచ్‌గా వచ్చాక 2024లో సెయింట్ పీటర్స్ మళ్ళీ కాన్ఫరెన్స్ గెలిచింది, టెనెసీ చేతిలో ఓడిపోయినా ఆ మెట్టు దాకా మళ్ళీ వచ్చారు. అంటే తయారుచేయడం వీళ్ళకి చేతనవును. ఆ 5 శాతం విషయం మీ బోర్డు ముందు పెట్టండి, చర్చలో చిన్న కాన్ఫరెన్స్‌ల కోచ్‌లని కూడా కూర్చోబెట్టండి. మీ జవాబు ఏదైనా సరే, ఇక్కడివాళ్ళందరికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
జెర్సీ సిటీ నుంచి పీకాక్స్ అభిమాని