పెద్ద సంఖ్యలను పిల్లల చేతికివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ప్రధాన సంఖ్యల గురించి మీ పిల్లల పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. 2024లో కనుగొన్న అతిపెద్ద ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయని చెప్పడం బాగుంది. కానీ పెద్ద సంఖ్యల కారణాంకాలు కనుక్కోవడం కంప్యూటర్లకే సాధ్యమని పిల్లలతో అనడం నాకు బాధ కలిగించింది. పరకాల చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో ఉద్యోగ జీవితమంతా లెక్కలు చెప్పినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

1111111 తీసుకోండి. ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించుకుంటూ పోతే యాభై రెండో భాగహారానికి గానీ శేషం సున్నా రాదు. పిల్లలు విసిగిపోతారు, నిజమే. అయితే ముందు కాస్త ఆలోచించాలి. ఈ సంఖ్యను 9తో గుణిస్తే 9999999. అందువల్ల దీనికి కారణాంకమైన ఏ ప్రధాన సంఖ్యతోనైనా 1ని భాగిస్తే, దశాంశంలో అవే ఏడు అంకెలు మళ్లీ మళ్లీ వస్తాయి. అలా తిరిగి వచ్చే అంకెలు ఎన్నో, ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ఆ లెక్కతో నిశ్శేషంగా పోతుంది. అంటే ఇక్కడ ఒకటి తీసేయగా మిగిలేది 7తో పోవాలి. కారణాంకం బేసి సంఖ్య కాబట్టి ఆ మిగిలేది సరి సంఖ్య, అంటే 14తోనూ పోవాలి. ఇక చూడవలసినవి అలాంటి ప్రధాన సంఖ్యలే: 29, 43, 71, 113, 127, 197, 211, 239. ఎనిమిదో భాగహారంలో పని అయిపోయింది! భాగఫలం 4649. అది ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చడానికి 29, 43లతో భాగించి చూస్తే చాలు, ఎందుకంటే దాని వర్గమూలం 69 లోపే. రెండింటితోనూ పోదు.

మా బడిలో ఎనిమిదో తరగతి పాప ఒకరు నోటుబుక్కు చివరి పేజీలో 1ని 239తో భాగిస్తూ 0.0041841 దాకా వచ్చింది. అక్కడ శేషం మళ్లీ 1 కావడం చూసి, ఎవరూ చెప్పకుండానే, ‘ఇక ఇవే వస్తాయి సార్’ అంది. క్యాలిక్యులేటర్ ఇచ్చి ఉంటే ఆ పాపకు జవాబు దొరికేది, ఈ మాట దొరికేది కాదు.

ఇదేమీ చిన్న పిల్లల ఆట కాదు. 4294967297 ప్రధాన సంఖ్య అని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. అది 641తో పోతుందని 1732లో ఆయిలర్ అనే గణితవేత్త చూపించాడు. 2ను 67 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే వచ్చే 21 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య కాదని లూకాస్ అనే గణితవేత్త 1876లోనే నిరూపించినా, కారణాంకాలు మాత్రం 1903 దాకా ఎవరికీ తెలియలేదు. ఆ ఏడాది కోల్ అనే అమెరికా గణితవేత్త 193707721, 761838257287 అని తేల్చాడు. అప్పటికి కంప్యూటర్లు ఎక్కడివి?

కంప్యూటర్లను నేను కాదనడం లేదు. ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్య 2020లో విడిపోయిందంటే వాటి పుణ్యమే. కానీ వాటికి దారి చెప్పింది మనుషులే. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో వేగంగా, కచ్చితంగా తేల్చే పద్ధతిని 2002లో మన కాన్పూర్ ఐఐటీ నుంచే మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. మీ వ్యాసంలో వారి ప్రస్తావన లేకపోవడం పెద్ద లోటు.

దయచేసి వారానికొక పెద్ద సంఖ్య ప్రచురించండి. జవాబు ఒక్కటే కాక, పిల్లలు ఏ దారిలో వెళ్లారో కూడా రాయించి అచ్చువేయండి. మొదటిదిగా 536870911 వేయండి. 2ను 29 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. దీనికి మూడు ప్రధాన కారణాంకాలున్నాయి. ప్రతిదాన్నీ 58తో భాగిస్తే ఒకటే మిగులుతుంది. పిల్లలకు ఆ ఒక్క ఆధారం చాలు.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
పరకాల, హనుమకొండ జిల్లా