మాకు భృతి వద్దు, వార్డు తలుపు తెరిపించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తాగుడు మానాలనుకునేవాళ్ళకు తోడుగా నిలబడే స్వచ్ఛంద సేవకులను ప్రభుత్వం గుర్తించాలని, వాళ్ళకు నెలనెలా గౌరవ భృతి, గుర్తింపు కార్డు, ఏడాదికోసారి సభ పెట్టి సన్మానం ఉండాలని మీ శాఖ ఆలోచిస్తున్నట్టు విన్నాను. మీ ఉద్దేశాన్ని తప్పు పట్టడం లేదు. తాగుబోతుల మంచి కోరి మాట్లాడితే ఎవరికీ ఓట్లు పెరగవు, అయినా మీరు మాట్లాడారు. కానీ ఈ మూడింటిలో ఏది అమలైనా మేము చేసే పని దెబ్బతింటుంది. ఎందుకో చెప్పి, వాటికి బదులు వేరే పనులు అడుగుదామని రాస్తున్నాను.

తాగుడు మానాలనుకునేవాళ్ళు మీటింగుల్లో కలిసి ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే ఫెలోషిప్‌లో నేను సభ్యుడిని. ఈ ఉత్తరం కింద నా పేరు ఉండదు. పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో సభ్యులు పేరు బయటపెట్టుకోకూడదన్నది మా సంప్రదాయం. ఫెలోషిప్ తరఫున మాట్లాడే అధికారం కూడా నాకు లేదు. ఆ మాటకొస్తే అది ఎవరికీ లేదు. కాబట్టి దీన్ని ఒక సభ్యుడి సొంత అభిప్రాయంగానే చదవండి.

సన్మానం సంగతి ముందు చెప్పేస్తాను, అది తేలిక. వేదిక మీద చప్పట్లు అందుకున్న మనిషి కొన్ని నెలలకు మళ్ళీ తాగవచ్చు. మా జబ్బులో అది అరుదేమీ కాదు. ఆ ఫొటో చూసినవాళ్ళు "అంతటివాడికే కుదరలేదు, నాకేం కుదురుతుంది" అనుకుంటారు. మీటింగ్‌కు రావాలా వద్దా అని బయట తచ్చాడుతున్న కొత్త మనిషికి, లోపల ఉన్నవాళ్ళ ఫొటోలు పేపర్లో పడతాయని తెలిస్తే చాలు, అటునుంచి అటే వెళ్ళిపోతాడు. ఇంకొకటి కూడా ఉంది. చప్పట్లు మా ఒంటికి పడవు. నాకన్నా గొప్పవాడు లేడు, నాకన్నా పనికిమాలినవాడు లేడు, ఈ రెండు ఆలోచనలూ ఒకే పూట వచ్చే బుర్రలు మావి.

ఇంతకీ మా సేవ అంటే ఏమిటి? బయటివాళ్ళు ఊహించుకున్నంత గొప్పగా ఏమీ ఉండదు. మీటింగ్ గది తాళం తీయడం, కుర్చీలు వేయడం, అయ్యాక మళ్ళీ సర్దడం, టీ కాచడం, గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళను పలకరించడం. హెల్ప్‌లైన్ ఫోన్ ఎత్తడం. చాలా గ్రూపుల్లో కొత్తగా వచ్చినవాడికే ఈ చిన్న పనులు అప్పగిస్తారు. చూడ్డానికి చాకిరీ అంటగట్టినట్టు ఉంటుంది. కానీ ఇంట్లోవాళ్ళు బీరువా తాళాలు దాచుకునే మనిషి చేతికి ఇక్కడ గది తాళం వస్తుంది. వచ్చే వారం తను రాకపోతే తలుపు తెరిచేవాడు లేడు. మొదటి రోజుల్లో ఈ ఒక్క కారణంతోనే తాగకుండా ఉండగలిగినవాళ్ళు ఉన్నారు. ట్రెజరర్ పని కూడా ఇలాంటిదే. ఎవరి చేతికీ పైసా ఇవ్వలేని స్థితి నుంచి వచ్చిన మనిషి, అందరి ముందూ చందా డబ్బులు లెక్కపెట్టి, అద్దెకు ఎంత పోయిందో, మిగిలింది ఎంతో చదివి వినిపిస్తాడు. వినేవాళ్ళకు విసుగే. చదివేవాడికి మాత్రం చెమటలు పడతాయి.

ఇంకా తాగుతున్న మనిషి సాయం అడిగితే ఇంటికో ఆసుపత్రికో వెళ్ళడాన్ని, మేము పాటించే పన్నెండు మెట్లలో చివరిదాన్ని బట్టి, పన్నెండో మెట్టు పని అంటాం. మామూలుగా ఇద్దరు కలిసే వెళ్తారు. ఆడవాళ్ళ దగ్గరికి ఆడ సభ్యులు వెళ్తారు. వెళ్ళినవాళ్ళు ఉపదేశాలు చేయరు, అప్పులు ఇవ్వరు, మొగుడూ పెళ్ళాల తగువులో తీర్పులు చెప్పరు. తమకు ఏం జరిగిందో, ఇప్పుడు ఎలా ఉన్నారో చెప్పి, మీటింగ్‌కు వస్తే తోడు వస్తామంటారు. అంతే.

మాలో గొడవలు లేవనుకోకండి. పదవి వదలని సెక్రటరీలు ఉంటారు, తనకే అన్నీ తెలుసనే సీనియర్లు ఉంటారు. గంటసేపు మాట్లాడి తేల్చాల్సిన విషయం కుర్చీల వరుస ఎలా ఉండాలన్న వాదన దగ్గరే ఆగిపోయిన మీటింగులూ ఉన్నాయి. అందుకే ఏ బాధ్యతైనా కొంతకాలానికి చేతులు మారాలన్న పద్ధతి పెట్టుకున్నాం. దాన్ని రొటేషన్ అంటాం. మీరు నెలకు ఇంత అని భృతి పెట్టిన మరుక్షణం ఆ రొటేషన్ ఆగిపోతుంది. ఆదాయం వచ్చే కుర్చీని ఎవరు ఖాళీ చేస్తారు, మీరే చెప్పండి. రాజకీయాల్లో ఉన్నవారికి ఇది నేను విడమరిచి చెప్పాలా?

జీతం ప్రశ్న మాకు కొత్త కాదు. ఫెలోషిప్ ఇంకా పసితనంలో ఉండగానే, దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడైన బిల్ విల్సన్‌కు, తాను చికిత్స పొందిన న్యూయార్క్‌లోని టౌన్స్ ఆసుపత్రి నుంచే ఉద్యోగం వచ్చింది. అప్పటికే చేస్తున్న పనిని అక్కడ జీతానికి చేయమన్నారు. ఇల్లు గడవడానికి ఆయన భార్య లోయిస్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పని చేస్తున్న రోజులవి. ఆయన సంబరంగా ఆ సంగతి ఆ రాత్రి గ్రూపు ముందు పెట్టాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. ఒకరు జీతం తీసుకుంటే మిగతావాళ్ళు ఊరికే ఎందుకు చేస్తారన్నారు. ఆయన ఆ ఉద్యోగం వదులుకున్నాడు. 1938లో అమెరికా కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇంకో రకంగా అదే మాట చెప్పాడు. జీతాల మీద తిరిగే కార్యకర్తలు, సొంత ఆసుపత్రులు అంటూ పెద్ద కలలతో తన దగ్గరికి వచ్చినవాళ్ళకు ఐదు వేల డాలర్లు మాత్రమే ఇచ్చి, ఎక్కువ డబ్బు ఈ పనిని చెడగొడుతుందన్నాడు. 1950లో క్లీవ్‌లాండ్ మహాసభ ఆమోదించిన పన్నెండు సంప్రదాయాల్లో ఏడోది బయటి విరాళాలు తీసుకోవద్దంటుంది, ఎనిమిదోది ఈ సేవ వృత్తి కాకూడదంటుంది. ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగికి జీతం ఇవ్వవచ్చు. తాగుబోతు పక్కన కూర్చుని తన కథ చెప్పినందుకు మాత్రం ఇవ్వకూడదు.

దీన్ని త్యాగం అనుకుంటే పొరపాటు. విల్సన్ 1934 డిసెంబరులో తాగుడు మానాక కొన్ని నెలల పాటు కనిపించిన తాగుబోతునల్లా మార్చాలని చూశాడు. ఒక్కడూ మారలేదు. కానీ ఆ నెలలన్నీ తాను తాగలేదు. 1935 మేలో అమెరికాలోని యాక్రన్ అనే ఊళ్ళో వ్యాపారం బెడిసికొట్టి, హోటల్ లాబీలో ఒంటరిగా మిగిలాడు. పక్కనే బార్. అక్కడి ఫోన్ నుంచి చర్చిల నంబర్లకు చేసి, తాను మాట్లాడడానికి ఇంకో తాగుబోతు కావాలని అడిగాడు. అలా దొరికినవాడే సర్జన్ బాబ్ స్మిత్. ఆయన ఆఖరిసారి తాగిన 1935 జూన్ 10నే మా ఫెలోషిప్ పుట్టినరోజుగా లెక్కిస్తాం. అంటే విల్సన్ ఆ ఫోన్ చేసింది తనను తాను కాపాడుకోవడానికి. చికిత్సకు వచ్చినవాళ్ళను గమనించి 2004లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనం కూడా, కోలుకునే దశలో ఇతర తాగుబోతులకు సాయం చేసినవాళ్ళు ఆ తర్వాతి ఏడాదిలో మళ్ళీ తాగడం తక్కువని తేల్చింది. మా జబ్బుకు మందు మేమే వేసుకుంటున్నాం సార్, దానికి మీరు డబ్బులివ్వడం ఏమిటి?

గుర్తింపు కార్డు గురించి ఒక్క ముక్క. మా గ్రూపుల్లో చేరడానికి తాగుడు మానాలన్న కోరిక తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఫారం లేదు, ఫీజు లేదు. కార్డు ఎవరికి ఇవ్వాలో తేల్చాలంటే మీ గుమాస్తా మా దగ్గర లేని పేర్ల జాబితా అడగాలి.

ఇక అడగాల్సినవి అడుగుతాను. అన్నిటికన్నా ముఖ్యం ఆసుపత్రి మంచానికీ మా కుర్చీకీ మధ్య ఉన్న దూరం. తాగుడు వల్ల చేరిన రోగి డిశ్చార్జ్ అయ్యేటప్పుడు "మీటింగులకు వెళ్ళండి" అని చెప్పి కరపత్రం చేతిలో పెడతారు. ఆ కాగితం ఏమవుతుందో మాకు తెలుసు. 1981లో సిసన్, మలామ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇరవై మంది రోగులతో ఒక చిన్న పరీక్ష చేశారు. సగం మందికి మీటింగ్ ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలిచ్చి వెళ్ళమని ప్రోత్సహించారు. మిగతా సగం మందికి కౌన్సెలర్ తన గదిలోంచే ఒక సభ్యుడికి ఫోన్ కలిపి మాట్లాడించాడు, ఆ సభ్యుడు తోడు వస్తానన్నాడు. మొదటి సగంలో ఒక్కరూ వెళ్ళలేదు. రెండో సగంలో అందరూ వెళ్ళారు. ఇరవై మందితో చేసిన పరీక్షను ఎక్కువగా నమ్మమని అనను. కానీ 27 అధ్యయనాలను, పది వేలకు పైగా మందిని కలిపి చూసిన 2020 కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలను కలిపి తూచే సంస్థ చేసినది) కూడా, చికిత్స చేసేవాళ్ళు ఒక పద్ధతి ప్రకారం రోగులను మీటింగులకు జతచేసినప్పుడు, పూర్తిగా మానేసి ఉండడంలో ఇతర చికిత్సల కన్నా మంచి ఫలితాలు వచ్చాయంది. చెప్పి వదిలేయడం వేరు, జతచేయడం వేరు. రోగి ఒప్పుకుంటే వార్డులోంచే ఫోన్ కలపమని మీ సిబ్బందికి ఒక ఉత్తర్వు ఇవ్వండి. దానికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

అలాగే వారంలో ఒక నిర్ణీత వేళకు ఇద్దరు సభ్యులు వార్డులోకి రావడానికి శాశ్వత అనుమతి కావాలి. ఇప్పుడు ఈ అనుమతి ఒక మంచి సూపరింటెండెంట్ ఉంటే దొరుకుతుంది, ఆయన బదిలీ అయితే పోతుంది. కొత్తాయనకు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఈలోగా ఆ వార్డులోంచి ఎందరు వెళ్ళిపోయారో ఎవరూ లెక్క పెట్టరు. ఫెలోషిప్‌లో మూడో సభ్యుడు ఎవరో తెలుసా? విల్సన్, డాక్టర్ బాబ్ కలిసి యాక్రన్‌లోని ఆసుపత్రికి వెళ్ళి పలకరించిన రోగి. నర్సుల మీద తిరగబడినందుకు మంచానికి కట్టేసిన ఒక లాయరు. ఆ రోజు వాళ్ళను గేటు దగ్గరే ఆపేసి ఉంటే ఏమయ్యేదో మీ ఊహకే వదిలేస్తాను. జైళ్ళకూ ఇదే అడుగుతున్నాను. అది మీ శాఖ కాదు కాబట్టి, మీ సహచర మంత్రి గారికి ఒక మాట చెప్పండి.

సాయంత్రాలు ఖాళీగా ఉండే ప్రభుత్వ గదులు ఇవ్వగలిగితే సంతోషం, అయితే ఉచితంగా వద్దు. మామూలు అద్దె తీసుకుని రసీదు ఇవ్వండి.

ఇంతకన్నా గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. బడ్జెట్ కాగితాల్లో మమ్మల్ని డాక్టర్లకు బదులుగా లెక్కేయకండి. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించే డెలీరియం ట్రెమెన్స్ రావచ్చు. చికిత్స అందకపోతే ప్రాణాలు కూడా పోవచ్చు. పక్కన కూర్చుని ధైర్యం చెప్పే సభ్యుడు అక్కడ చేయగలిగేది ఏమీ లేదు, ఆసుపత్రికి తీసుకెళ్ళడం తప్ప. పడకలు, మందులు, మానసిక వైద్యులు మీ పని. డాక్టరు రాసిన మాత్రలు మానేయమని సలహా ఇచ్చే సభ్యులు మాలోనూ తగులుతారు. అది పచ్చి తప్పు, ఫెలోషిప్ కూడా డాక్టరు వేషం వేయొద్దనే చెబుతుంది. మా దారి అందరికీ సరిపడదు కూడా. మందులతోనో, కౌన్సెలింగ్‌తోనో, వేరే బృందాలతోనో మానినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకూ మీ సాయం అందాలి. ఇళ్ళలో నలిగిపోయినవాళ్ళకు 1951 నుంచి అల్-అనాన్ అని వేరే ఫెలోషిప్ ఉంది. డిశ్చార్జ్ రోజు రోగి పక్కన నిలబడ్డ మనిషికి ఆ నంబరు కూడా ఇప్పించండి.

మద్య నిషేధం కావాలా, పన్ను పెంచాలా అన్న చర్చలకు మమ్మల్ని పిలవకండి. బయటి వివాదాల మీద ఫెలోషిప్‌కు అభిప్రాయం ఉండదు. నాకు వ్యక్తిగతంగా చాలా ఉంది కానీ ఈ ఉత్తరంలో దానికి చోటు లేదు.

చివరగా ఒక ఆహ్వానం. మా ఓపెన్ మీటింగులకు ఎవరైనా రావచ్చు. వైద్య విద్యార్థులను, నర్సులను, ఫైళ్ళు రాసే మీ అధికారులను పంపండి. మీరూ రండి. వెనక వరుసలో కూర్చోవచ్చు, ఎవరూ మాట్లాడమని అడగరు. ఫొటోగ్రాఫర్‌ను మాత్రం ఇంటి దగ్గరే వదిలి రండి.

ఇట్లు,
ఒక సభ్యుడు